నా కాగితాల మీద రాని అనుమానం

మీటింగు సోమవారం. గురువారం మధ్యాహ్నం నాకు తేడా కనిపించింది.

రాజమండ్రిలో మా డిపార్టుమెంటు పై అంతస్తులో కంప్యూటర్ల గది ఒకటుంది. మే నెలలో ఆ గదిలో కూర్చోవడమంటే పెనం మీద కూర్చోవడమే. సెలవులు కావడంతో ఎవరూ లేరు. నా పీహెచ్‌డీ సర్వే పట్టికలన్నీ చివరిసారి సరిచూసుకుంటున్నాను. సోమవారం తాగునీటి శాఖ ఆఫీసరుగారి ముందు, ఆ ఊరి పెద్దల ముందు వాటిని చూపించాలి. కొత్త పైపులైను ఊరి వైపు వెయ్యాలా, పేట వైపు వెయ్యాలా అన్నది ఆ రోజు మాట్లాడతారని మా గైడ్ గారు చెప్పారు.

ఊరు మా పెదనాన్నది. డెల్టాలో మామూలు ఊరు. కాలవకి ఇటు రైతుల ఇళ్ళు, అటు పేట. పేటలో ఎక్కువమంది మా వాళ్ళ చేలల్లో పని చేసేవాళ్ళు, ఆదివారం లూథరన్ చర్చికి వెళ్ళే కుటుంబాలు. వేసవిలో మరమ్మతులకి కాలవలు కట్టేశాక మంచినీళ్ళకి కటకట మొదలవుతుంది. అప్పుడే వెళ్ళి రెండు వైపులా అడగాలన్నది నా పథకం. నీళ్ళు సరిపోతున్నాయా, చాలకపోతే ఎవరితో చెబుతారు, చెబితే ఏమైనా జరుగుతుందా అని. ఆ ఊరే ఎందుకంటే ఉండడానికి పెదనాన్నగారి ఇల్లుంది, అన్నం పెట్టే పెద్దమ్మ ఉంది, వెళ్ళగానే ఎవరూ అడ్డు చెప్పరు. పరిశోధనకి ఊరిని ఎంచుకోవడానికి అవి కారణాలు కావని నాకు అప్పుడు తోచలేదు.

ఫలితం చూసి మా గైడ్ గారు మురిసిపోయారు. నీళ్ళు తక్కువొచ్చే పేటవాళ్ళే ఎక్కువ తృప్తిగా ఉన్నారు! ఊళ్ళోవాళ్ళు మాత్రం సణుగుతున్నారు. "ఆశ తక్కువున్న చోట అసంతృప్తి కూడా తక్కువేనమ్మా. నీ థీసిస్‌కి ఇదే వెన్నెముక" అన్నారు. నాకు ఆ మాట ఎంత నచ్చిందంటే, అధ్యాయానికి అదే పేరు పెట్టేశాను. ఆయన ఆఫీసరుగారికి ఫోన్‌లో చెప్పేశారు కూడా.

సర్వే చేసినవాళ్ళం ఇద్దరమే. నేనూ, నా వెనకాల బ్యాచ్‌లో చేరిన స్నేహితురాలూ. ఆమెది కొవ్వూరు వైపు. ఆమె వాళ్ళ ఊరి పేటలో పుట్టి పెరిగిన అమ్మాయి, నాన్నగారు రిటైరైన పంతులుగారు. ఆమె ఊరి వైపు ఇళ్ళు చేసింది, నేను పేట చేశాను. అలా పంచింది గైడ్ గారు. "సొంతవాళ్ళని సొంతవాళ్ళే అడిగితే పక్షపాతం వచ్చేస్తుంది" అన్నారు. నేను తలూపాను. ఆమె తన వాటా కాగితాలు లెక్కపెట్టుకుంది. తర్వాత నాకు జ్వరం వచ్చి మూడు రోజులు మంచం దిగకపోతే పేటలో మిగిలిపోయిన చివరి వరస ఇళ్ళు ఆమే చేసింది.

ప్రశ్నలు అడిగిన మనిషి మారడం వల్ల జవాబులు మారలేదని థీసిస్‌లో ఒక వాక్యం రాయాలి. అది అందరూ రాసేదే. ఆ వాక్యం కోసం గురువారం పేట జవాబుల్ని రెండుగా విడదీశాను, నేనడిగినవి ఒక గడిలో, ఆమె అడిగినవి ఒక గడిలో. నా గడిలో దాదాపు అందరూ "సరిపోతున్నాయి" అన్నవాళ్ళే. ఆమె గడిలో దాదాపు అందరూ "చాలట్లేదు" అన్నవాళ్ళే. ఒకే పేట, ఒకే పైపు, వరస ఇళ్ళు. ఎక్కడో తప్పు నొక్కానేమోనని మళ్ళీ చేశాను. మళ్ళీ అదే.

మొదట నాకొచ్చిన ఆలోచన ఉన్నదున్నట్టు రాస్తాను. ఈ పిల్ల ఏదో చేసింది, అనుకున్నాను.

స్నేహితురాలికి ఫోన్ చేస్తే లైబ్రరీలో ఉన్నానంది. పైకి రమ్మన్నాను. వచ్చి, ఫ్యాన్ కిందికి కుర్చీ లాక్కుంటుంటే అడిగాను.

"పేటలో చివరి వరస నువ్వు చేసిందే కదా?"

"ఆఁ. నీకు జ్వరం వచ్చినప్పుడు."

"ప్రశ్న కాగితం మీద ఉన్నట్టే అడిగావా? ముందు వాళ్ళతో ఏమన్నా మాట్లాడావా?"

కుర్చీ లాగడం ఆపింది. "ఏమన్నా అంటే ఏంటి?"

"అంటే నీళ్ళ గురించి... నువ్వూ పేట నుంచే వచ్చావు కదా. మాటల్లో మాటగా..."

ఆమె నా వెనక్కి వచ్చి స్క్రీన్ చూసింది. చదవడానికి ఆమెకి ఎంతోసేపు పట్టలేదు.

"ఇంటి దగ్గర కూర్చుని టిక్కులు పెట్టేశాననుకుంటున్నావా?"

"అలా అన్లేదే."

"అనుకున్నావు." గొంతు పెంచలేదు. దానికే నాకు ఎక్కువ భయం వేసింది. "ఊళ్ళో అన్ని ఇళ్ళు తిరిగాను. అందరూ అరుగు మీదే కూర్చోబెట్టారు, ఒక్కళ్ళు లోపలికి రమ్మన్లేదు. అవి బాగానే ఉన్నాయి నీకు. ఇప్పుడు ఇద్దరి కాగితాలకీ పొంతన కుదరలేదు. నా కాగితాల మీద అనుమానం వచ్చింది. నీ కాగితాల మీద రాలేదేంటి?"

బ్యాగు తీసుకుని వెళ్ళిపోయింది. మెట్ల మీద ఆమె చెప్పుల చప్పుడు కింది దాకా వినిపించింది.

నాకు కోపం వచ్చింది. సిగ్గు తర్వాత వచ్చింది, ముందు కోపమే. ఆమెదే తప్పని రుజువు చేద్దామని బీరువాలోంచి పేట కాగితాల కట్ట దింపాను. ప్రతి కాగితం అడుగున ఒక గీత ఉంటుంది, ఇంట్లో కనిపించిన విషయాలు రాసుకోవడానికి. మాటల్లో రాసింది లెక్కల్లోకి ఎక్కించడం కష్టమని ఆ గీతని నేను కంప్యూటర్లో కొట్టనేలేదు. ఇప్పుడు ఒక్కొక్కటీ చదివాను. నా చేతిరాతే. "గుమ్మం పక్కన మూడు వాటర్ టిన్నులు, కొన్నవి." "సైకిల్‌కి కట్టిన రెండు టిన్నులు, ఆమె అప్పుడే మంచినీళ్ళ ప్లాంటు నుంచి వచ్చింది." "బిందెలు వరసగా, ఖాళీ." పై గడిలో మాత్రం నీళ్ళు సరిపోతున్నాయి అన్నచోట టిక్కు. నా కళ్ళు ఒకటి చూశాయి, నా పెన్ను ఇంకొకటి రాసింది. నెలరోజులుగా ఆ కట్ట నా దగ్గరే ఉంది.

శుక్రవారం పొద్దున్నే బస్సెక్కాను. పెదనాన్నగారి ఇంటికి చెప్పలేదు. వంతెన దగ్గర దిగి తిన్నగా పేటలోకి నడిచాను. నా కాగితాల్లో టిన్నులు ఎక్కువ రాసింది ఒక ఊడ్పుల కూలీ ఇంట్లో. నడివయసు మనిషి, సర్వే రోజున నవ్వుతూ మాట్లాడింది. గిన్నెలు తోముకుంటున్నదల్లా నన్ను చూసి గబగబా చేతులు కడుక్కుని కుర్చీ తెచ్చి వేసింది.

"మళ్ళీ వచ్చేరేంటండి అమ్మాయిగారూ? నేనేమన్నా తప్పు చెప్పేనా?"

"తప్పు మీది కాదండి. నాదే ఏదో..."

"నన్ను అండి అనకండి బాబూ, భయమేస్తుంది."

కుర్చీలో కూర్చోలేక, అలాగని మానలేక కాసేపు నిలబడ్డాను. తర్వాత గట్టు మీద కూర్చున్నాను. అడగడానికి నా దగ్గర కాగితం లేదు. నీళ్ళ గురించే అడిగాను, నిజంగా సరిపోతున్నాయా అని.

"ఆయ్, సరిపోతున్నాయండి" అంది, అదే నవ్వుతో. నేను గుమ్మం పక్కనున్న టిన్నుల వైపు చూశాను. ఆమె కూడా చూసింది. నవ్వు పోయింది.

"ఎలా చెప్తామండి?" అంది చివరికి, గొంతు బాగా తగ్గించి. "పేట లైనుకి వాల్వు మీ పెదనాన్నగారి మిల్లు గోడ పక్కన ఉంది. తిప్పేది మిల్లు కాపలా ఆయన. ఎప్పుడు తిప్పితే అప్పుడే మాకు నీళ్ళు. చాలట్లేదంటే ఎవర్నన్నట్టండి?"

"పేర్లు రాయనని చెప్పాను కదా."

"చెప్పేరు. ఇంటి నెంబరు రాసుకున్నారుగా."

ఆమె చెప్పుకుపోయింది. "మొదటిరోజు మిమ్మల్ని మీ పెదనాన్నగారే బండి మీద దింపేరు. మీరు మూడు ఇళ్ళు పూర్తి చేసేదాకా అక్కడే నీడన నుంచుని ఫోన్ మాట్లాడుకున్నారు. మా పిల్ల 'ఉన్నది చెప్పమ్మా' అంటే చెయ్యి గిల్లేను దాన్ని."

పెదనాన్న దింపిన సంగతి నాకు గుర్తుంది. ఆయన నిలబడిన సంగతి గుర్తు లేదు. నాకు ఆయన ఎప్పుడూ ఉండే మనిషి.

"మరి మా ఫ్రెండ్ వచ్చినప్పుడు?"

"ఆ చివరింట్లో మా తోడికోడలండి. మీ ఫ్రెండుగారు వచ్చి పిన్నీ అంటూ చాప మీద కూర్చుందంట. మంచినీళ్ళు ఇమ్మని అడిగి తాగిందంట. మీరు మీ సీసాలో నీళ్ళు తాగేరు." తప్పు పట్టడానికి అన్నట్టు అనలేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది. తర్వాత లేచి వీధిలోకి తొంగి చూసి వచ్చింది. "ఇది రాయకండి. ఊడ్పులు దగ్గరకొచ్చేయి. మా ముఠాని పిలిచేది మీ ఇంట్లోవాళ్ళే."

రాయనని మాటిచ్చాను.

పేట దాటకముందే ఫోన్ మోగింది. పెదనాన్న.

"పేటలో ఉన్నావంట?"

నేను వచ్చి గంట కూడా కాలేదు. "ఇంటికే వస్తున్నానండి పెదనాన్నా."

"రామ్మా మరి. పెద్దమ్మ అన్నం వండించింది."

వంకాయ కూరా, పప్పుచారూ. ఆయన నా ఎదురుగా కూర్చున్నారు. ఆయన నా చేత అక్షరాలు దిద్దించిన మనిషి, నా ఫీజు గడువు గుర్తు పెట్టుకునే మనిషి. ఆయనంటే నాకు ఎప్పుడూ భయం లేదు, ఆ రోజు దాకా.

"సర్వే అయిపోయిందన్నావు కదా."

"ఒక ఇంటి నెంబరు తప్పు పడిందండి. సరిచూసుకుందామని."

"ఏ ఇల్లు?"

పెద్దమ్మ నెయ్యి వేస్తోంది. "గుర్తు లేదండి, కాగితం చూస్తే గానీ" అన్నాను. ఆయన మరేం అడగలేదు. "సోమవారం మీటింగుకి నేనూ వస్తున్నాలే" అన్నారు. ఆయన అడిగితే నేను కూడా నిజం చెప్పలేకపోయాను. నన్ను ఆయన పనిలోంచి తీసెయ్యలేరు, నా కుళాయి కట్టెయ్యలేరు. అయినా చెప్పలేకపోయాను.

శనివారం గైడ్ గారింటికి వెళ్ళాను. పట్టిక చూపించాను. పేటలో నాకు సంగతి చెప్పిన కూలీ ఊసెత్తకుండా, పేటకీ మా కుటుంబానికీ ఉన్న సంబంధం చెప్పాను. ఆయన కళ్ళద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.

"పరిమితులు అని చివర ఒక పేరా ఉంటుంది కదా, అందులో రాసెయ్యి."

"పేరా సరిపోదు సార్. మనం చూపిస్తున్న తేడా ఊరికీ పేటకీ మధ్య లేదు. నాకూ ఆ అమ్మాయికీ మధ్య ఉంది."

"ఆ అమ్మాయే ఎగదోసి రాయించిందని ఎందుకనుకోకూడదు?"

"నేను ముందు అదే అనుకున్నాను సార్."

ఆయన నా మొహంలోకి చూశారు. "పోనీ ఆ అమ్మాయి రాసిందే నిజమంటావా?"

"అది కూడా చెప్పలేం సార్. మనమ్మాయి వచ్చింది, సాయం చేస్తుందని పేటవాళ్ళు కాస్త ఎక్కువ చేసి చెప్పి ఉండొచ్చు. ఈ కాగితాలతో ఎవరిదీ తేలదు."

"సోమవారం ఏమని చెప్తావు మరి? నేను ఆఫీసరుగారికి మాటిచ్చేశాను." ఆ మాటలో కోపం కంటే బెదురు ఎక్కువ వినిపించింది. పరువు ఆయనదే పోతుంది, నాది కాదు. "నీ ఇష్టం. నా నోటితో మాత్రం చెప్పను" అని లోపలికి వెళ్ళిపోయారు. మేడమ్ గారు తెచ్చిన కాఫీ తాగకుండా వచ్చేశాను.

స్నేహితురాలికి అప్పటికి ఎన్నిసార్లు ఫోన్ చేశానో. తియ్యలేదు.

సోమవారం హాల్లో ముందు వరసలో ఆఫీసరుగారు, పక్కన గైడ్ గారు. రెండో వరసలో తెల్ల చొక్కాతో పెదనాన్న. ఊరి నుంచి వచ్చిన మిగతావాళ్ళు ఆయన చుట్టూ కూర్చున్నారు. పేట నుంచి ఎవరినీ పిలవలేదని అప్పుడే గమనించాను. మొదటి బొమ్మ తెర మీద పడింది, పేట గీత పొడుగ్గా, ఊరి గీత పొట్టిగా. ఆఫీసరుగారు దాన్ని చూసి తలూపుతూ నోట్‌బుక్కులో ఏదో రాసుకోబోయారు.

"రాసుకోకండి సార్" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "ఈ బొమ్మ తప్పు. నాది ఆ ఊళ్ళో భూమి ఉన్న కుటుంబం. పేటలో చాలా ఇళ్ళకి నేనే వెళ్ళి అడిగాను. మా వాళ్ళ చేలో పని చేసే మనిషి నాతో నీళ్ళు చాలట్లేదని చెప్పగలదా అన్నది నేను ముందే ఆలోచించాల్సింది. ఆలోచించలేదు. పేటవాళ్ళు తృప్తిగా ఉన్నారన్న మాట ఈ సర్వేని బట్టి చెప్పడానికి వీల్లేదు."

హాలంతా కుర్చీల చప్పుడు. పెదనాన్న తల ఎత్తలేదు, ఫోన్ చూసుకుంటున్నారు. ఆయన బొటనవేలు మాత్రం కదలడం లేదు.

"అయితే నీళ్ళు చాలుతున్నాయా, చాలట్లేదా అమ్మా?" అని అడిగారు ఆఫీసరుగారు.

"తెలియదండి."

ఎవరో నవ్వారు. "తెలియదని చెప్పడానికా మమ్మల్ని ఇంత దూరం రమ్మన్నారు?" అంటూ ఆఫీసరుగారు గైడ్ గారి వైపు తిరిగారు. గైడ్ గారు నేల చూస్తున్నారు. పైపులైను సంగతి తర్వాత చూద్దామని లేచిపోయారు అందరూ.

బయట కారు దగ్గర పెదనాన్న ఒక్క మాటే అన్నారు. "నాకు ముందు చెప్పి ఉండాల్సిందమ్మా."

"చెప్తే ఏమనేవారండి?"

ఆయన కారెక్కి తలుపు వేసుకున్నారు.

ఆ తర్వాత నెల రోజులు నా ప్రాణం ప్రాణంలో లేదు. పేటలో నేనెవరింటికి వెళ్ళానో ఊళ్ళో అందరికీ తెలుసు. జూన్‌లో కాలవలు వదిలారు, ఊడ్పులు మొదలయ్యాయి. ఆ కూలీ ముఠాని మా వాళ్ళు పిలవలేదేమోనని రోజూ భయపడ్డాను, ఎవర్నీ అడగలేను. చివరికి పెద్దమ్మ ఫోన్‌లో ఏదో చెబుతూ చెబుతూ, పేట ముఠా మన చేలోనే ఉందనేసింది. ఎవరి మంచితనం వల్లో కాదు. ఆ ఏడు ఊడ్పులకి మనుషులు దొరకలేదు, అంతే.

స్నేహితురాలి ఇంటికి ఒక ఆదివారం చెప్పకుండానే వెళ్ళాను. వాళ్ళు అప్పుడే చర్చి నుంచి వచ్చారు. వాళ్ళ నాన్నగారు నాకు మంచినీళ్ళు ఇచ్చి, సంగతి తెలిసినట్టుంది, వీధిలోకి వెళ్ళిపోయారు. క్షమించమని అడిగాను. మీటింగులో చెప్పింది విన్నానంది.

"నా గురించి చెప్పావా అక్కడ? ముందు నన్ను అనుమానించానని?"

లేదన్నాను.

"నీ కుటుంబం గురించి చెప్పడం తేలికే. అది చెప్పాల్సింది" అంది. నిజమే. సార్‌కి చెప్పాను గానీ హాల్లో చెప్పలేదు. చెప్పి ఉంటే ఆమె పేరుకి మచ్చ పడుతుందని మానేశానని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

నేను మంచినీళ్ళ గ్లాసు కింద పెట్టాను. తర్వాత ఆమే అడిగింది, మళ్ళీ చేస్తావా అని. చేస్తానన్నాను. "అయితే నేను వస్తాను. కాగితాలు నింపడానికి కాదు. ప్రశ్నలు రాసేటప్పుడే నేనుండాలి. అచ్చయ్యే పేపరు మీద నా పేరు ముందుండాలి."

ఒప్పుకున్నాను. క్షమించానని మాత్రం ఆమె అనలేదు.

మర్నాటి నుంచే పని మొదలుపెట్టాం. మా వాళ్ళెవరూ లేని రెండు ఊళ్ళు ఎంచుకున్నాం. శ్రీకాకుళం నుంచి వచ్చిన ఇంకో అమ్మాయిని కలుపుకున్నాం. ఎవరు ఏ ఇంటికి వెళ్ళాలో ముగ్గురం చీటీలు తీసి తేల్చుకున్నాం, ఊరూ పేటా అని చూడకుండా. ఇంటి నెంబర్లు కాగితం మీద రాయలేదు. నా పాత మొదటి ప్రశ్నని స్నేహితురాలు ఎర్ర పెన్నుతో కొట్టేసింది.

"సరిపోతున్నాయా అని నువ్వు అడిగితే వాళ్ళకి అది నీళ్ళ గురించి కాదు, నీ గురించి" అంది. "నిన్న కుళాయి ఎప్పుడొచ్చింది, ఎంతసేపొచ్చింది, టిన్ను ఎన్నిసార్లు తెచ్చుకున్నారు, ఎవరు మోశారు అని అడుగుదాం. అది ఎవరికైనా చెప్తారు."

మరుసటి వేసవిలో కాలవలు కట్టేశాక మళ్ళీ తిరిగాం. ఈసారి పట్టిక తిరగబడింది. నీళ్ళు తక్కువొచ్చేవాళ్ళు తక్కువే వస్తున్నాయని చెప్పారు. పేటల్లో టిన్ను మోసేది ఎక్కువగా ఆడపిల్లలే అని తేలింది, నేను మొదటిసారి అడగాలని కూడా అనుకోని సంగతి. అడిగిన మనిషిని బట్టి జవాబు మారడం పూర్తిగా పోలేదు. నా గడిలో ఇంకా కొంచెం మొహమాటం మిగిలింది. దాన్ని దాచకుండా పట్టికలోనే చూపించాం. గైడ్ గారు ఆ పేజీ రెండుసార్లు చదివి, ఒక అచ్చుతప్పు దిద్ది, సంతకం పెట్టారు. ఆ రోజు నుంచి మళ్ళీ "అమ్మా" అని పిలవడం మొదలుపెట్టారు.

పెదనాన్నగారి ఊరి పేటకి కొత్త పైపు పడింది గానీ అది ఎన్నికల ముందు పడింది. మా వల్ల అని నేను చెప్పుకోలేను. పెదనాన్న నాతో మాట్లాడతారు, ఆరోగ్యం అడుగుతారు. చదువు సంగతి అడగడం మానేశారు.

స్నేహితురాలు ఇప్పుడు కాకినాడలో పాఠాలు చెబుతోంది. పేపరు మీద ఆమె పేరే ముందుంది. వారానికోసారి ఫోన్ చేసుకుంటాం, ఎక్కువగా పని గురించే. మొన్న తన విద్యార్థి సర్వే కాగితం ఒకటి పంపి చూడమంది. మూడో ప్రశ్న నాకు బాగానే ఉందనిపించి అలాగే చెప్పాను. "ఎవరడుగుతారో కనుక్కున్నావా?" అంది. కనుక్కోలేదు.